అరవై లోపు

ఓదెలు ఏ సమయం చెప్పినా చివర "లోపు" అని తగిలిస్తాడు. ఆ లోపు అంచు మీదే వస్తాడు తప్ప ఒక్క నిమిషం ముందు రాడు. మూడున్నర లోపు ఇంట్లో ఉంటానన్నాడంటే, గోడ గడియారంలో పెద్దముల్లు ఆరు మీదికి చేరే వేళకు గడప మీద కాలు పెడతాడు. ముప్పై ఏళ్ల కాపురంలో భూలక్ష్మికి ఇది అలవాటైపోయింది. అలవాటైందని మాత్రం ఆమె ఏనాడూ ఒప్పుకోలేదు.

ఆ రోజు పొద్దున ఆరింటికి కూడా అదే తగువు.

"మూడున్నర లోపు వస్త. అంబలి చల్లగ వెట్టు," అన్నాడు ఓదెలు, బూట్ల తాళ్లు బిగించుకుంటూ.

"నీ లోపు నాకెరికలేదా? మూడుంబావుకు వస్తె కాళ్లేమన్న అరుగుతయా?"

పొయ్యి పక్కన చాయ్ గ్లాసుతో నిలబడ్డ స్వరూపకు నవ్వు రాలేదు. ఆమె కళ్లు ఫోను మీదే ఉన్నాయి. తూర్పు సెక్షన్ లెక్క పదకొండు అని చూపిస్తోంది. నిన్న తొమ్మిది, మొన్న ఆరు.

"బాపూ, ఇయ్యాల ఏడ పని?"

"తూర్పు దిక్కే. ఎందుకు?"

"ఆడ లెక్క పదకొండున్నది."

"ఎంత దాటితె మీదికి రమ్మంటది నీ బూజు?"

"ఇరవై."

"మరి దాటలేదు గద బిడ్డా," అని టిఫిన్ డబ్బా అందుకున్నాడు. తలుపు వెనక ఇనుప పొన్ను వేసిన కర్ర ఒకటి ఆనించి ఉంది. పోతూ పోతూ దాన్ని ఒకసారి చేత్తో తడిమి, అక్కడే వదిలేసి వెళ్లాడు. ఆ కర్రను బొగ్గుబాయిలోకి తీసుకుపోవడం కంపెనీ మాన్పించి ఎనిమిది నెలలైంది.

మాన్పించింది బూజు కోసమే. బొగ్గుబాయిలో మనుషుల నెత్తి మీద ఉండేది రాతి కప్పు. అది కూలే ముందు చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు వినగలిగే చెవి వందమందిలో ఒకరికి ఉంటుంది. ఓదెలుకు ఉంది. టింబర్‌మన్‌గా కప్పు కింద కట్టె దిమ్మెలు పెట్టి దాన్ని నిలబెట్టడం ఆయన పని. పెట్టే ముందు కర్రతో కప్పును కొట్టి, తల పక్కకు వంచి వింటాడు. ఆయన పదండన్నాడంటే సెక్షన్ మొత్తం పనిముట్లు వదిలేసి నడిచేది.

రెండేళ్ల కిందట కాకినాడ వైపు నుంచి ఒక శాస్త్రవేత్త వచ్చింది. పేరు డాక్టర్ సీతామహాలక్ష్మి. అంత పొడుగు పేరు ఎవరూ పలకలేక బూజు మేడం అన్నారు. ఆవిడ సీసాలో పెంచిన బూజును కప్పు పగుళ్లలో రాస్తే, అది వారం రోజుల్లో రాతిలోపలికి దారాలు పాకించేది. రాయి ఎక్కడ బిగుసుకుంటే అక్కడ దారం అదిరేది. దారాలు కలిసే ప్రతి ముడి దగ్గరా గుండీ అంత యంత్రం ఒకటి అతికించారు. అది ఆ అదురును సున్నా నుంచి వందలోపు అంకెగా మార్చి పైకి పంపేది. తూర్పు సెక్షన్‌లో ఎనభై ముడులు. నిమిషానికోసారి ఎనభై అంకెల వరుస, మేడం దగ్గర ప్రోగ్రాంలు రాసే స్వరూప కంప్యూటర్‌లోకి వచ్చి చేరేది. జావాస్క్రిప్ట్‌లో అలాంటి వరుసను అర్రే అంటారు.

అంతా బాగుంది గాని, ఏ అంకె ప్రమాదమో బూజుకు తెలియదు, బూజు మేడానికీ తెలియదు. తెలిసింది ఓదెలుకే.

తండ్రీ కూతుళ్లు పదిహేను రోజులు చీకట్లో నడిచారు. ప్రతి ముడి దగ్గరా ఆయన కర్రతో కొట్టి, "ఇది నిద్రపోతాంది," "ఇది గొణుగుతాంది," "ఇది అరిచి ఊకున్నది," అని చెప్పేవాడు. ఆమె పక్కన అంకె రాసుకునేది. నిద్రపోయే రాయితో భయం లేదు. అరిచిన రాయి అప్పటికే విరిగి, ఉన్న బిగువంతా వదిలేసుకుని ఉంటుంది, కింద దిమ్మె పెడితే చాలు. భయపడాల్సింది గొణిగే రాయికి. నాలుగు రాళ్లు గొణిగితే ఫరవాలేదు, ఇరవైకి మించి ఒకేసారి గొణిగితే కప్పు దిగుతుంది.

"గొణుగుడు ఎంతకాడికెల్లి ఎంత బాపూ?" అని చివరి రోజు అడిగింది స్వరూప.

ఆయన ఆమె నోటుబుక్కులో అంకెల మీద వేలు పెట్టి పైనుంచి కిందికి జరిపాడు. "నలభై కాడికెల్లి అరవై లోపు. రాస్కో."

రాసుకుంది. ఇంటికొచ్చి మూడు వరుసల ప్రోగ్రాం రాసింది. అర్రేలో ఒక్కో అంకెనూ జల్లెడ పట్టు, నలభైకి సమానం లేదా పెద్దదీ, అరవై కంటే చిన్నదీ అయితే ఉంచు, మిగతావి రాల్చు, మిగిలినవి ఎన్నో చెప్పు. బూజు మేడం ముప్పై తొమ్మిది ఇచ్చి చూసింది, నలభై ఇచ్చి చూసింది, యాభై ఇచ్చి చూసింది, అరవై ఒకటి ఇచ్చి చూసింది. అన్నీ సరిపోయాయి. అరవై ఇచ్చి చూడాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

కర్రతో కొడితే దారాలు తెగుతాయని తేలాక కర్రలన్నీ స్టోర్లో పెట్టించారు. మిగతా టింబర్‌మెన్ ఆరుగురినీ పైన పనులకు వేశారు. ఓదెలు తన సొంత కర్రను ఇంటికి తెచ్చుకుని తలుపు వెనక ఆనించాడు. కూతురు చేసిన యంత్రం కాబట్టి పల్లెత్తు మాట అనలేదు.

యంత్రం మీద మేనేజర్ దామోదర్‌కు ఎంత నమ్మకం కుదిరిందంటే, పది రోజుల కిందట ల్యాంపు గదికీ అలాంటి బోర్డు ఒకటి కావాలన్నాడు. బాయిలో దిగే ప్రతివాడికీ నంబరు వేసిన ల్యాంపు ఇస్తారు. బయటికొచ్చాక తిరిగిచ్చేస్తారు. తూర్పు సెక్షన్‌కు ఒకటి నుంచి నలభై ఎనిమిది, పడమటి సెక్షన్‌కు ఆ తర్వాతవి. ఏ సెక్షన్‌లో ఇంకా ఎందరున్నారో పెద్ద అంకెల్లో కనిపించాలి. స్వరూప పాత మూడు వరుసలనే తెచ్చి అక్కడ అతికించి, అంకెలు మార్చి ఇచ్చేసింది. ఐదు నిమిషాల పని.

పొద్దున తొమ్మిదింటికి లెక్క పదమూడైంది. పదకొండున్నరకు పదిహేడు. స్వరూప అన్నం సగంలో వదిలేసింది. డబ్బా మూత పెట్టేసి బాయి ముఖం పక్కనున్న ప్రయోగశాల గదిలో తెర ముందే కూర్చుంది. ఒంటిగంటకు పంతొమ్మిది.

దామోదర్ తానే నడిచి వచ్చాడు. వానాకాలంలో ఒకసారి లెక్క ఇరవై రెండు చూపిస్తే సైరన్ మోగించాడు. మనుషులంతా బయటికొచ్చారు. కప్పు మాత్రం చెక్కు చెదరలేదు. ఆ తర్వాత నెల రోజుల పాటు ఎవరు ఎదురైనా, "బూజు దులిపించినవా సారూ?" అని అడిగారు. ఆ ఎగతాళి ఆయనకు ఇంకా మింగుడు పడలేదు.

"ఇరవై దాటినంకనే," అన్నాడు, కుర్చీ లాక్కుంటూ. "ఒక్కటి తక్కువున్నా సైరన్ నొక్క."

బూజు మేడంతో కలిపి ముగ్గురూ తెర చూస్తున్నారు. పంతొమ్మిది. పంతొమ్మిది. పదహారు.

దామోదర్ నుదురు తుడుచుకున్నాడు. ఒకటిన్నరకు పన్నెండు. తర్వాత ఏడు. పావు తక్కువ రెండుకు నాలుగు.

"సూసిండ్రా, సద్దుమణిగింది," అని చాయ్ తెప్పించాడు.

"రాయి కూడా మనలాంటిదేనండీ. కాసేపు సణిగి ఊరుకుంది," అంది బూజు మేడం. ఆవిడ ముఖంలోకి రంగు తిరిగొచ్చింది.

స్వరూప చాయ్ ముట్టలేదు. లెక్క పెరిగినప్పుడు పడ్డ భయం కంటే తగ్గినప్పుడు పడ్డ భయం ఎక్కువగా ఉంది, ఎందుకో ఆమెకే తెలియలేదు. పదిహేను ముడులు గొణుగుడు మానేశాయి. మానేసి ఎటు పోయాయి? నిద్రపోతే నలభై కిందికి దిగాలి. అరిస్తే అరవై దాటాలి. పదిహేను రాళ్లు విరిగితే కింద ఉన్నవాళ్లకు వినిపించదా? ఒక్క ఫోనైనా రాదా?

ఆమె లెక్క కాకుండా అర్రేనే తెర మీదికి తెచ్చింది. ఎనభై అంకెలు. ఇరవై రెండు, ముప్పై ఒకటి, అరవై, అరవై, పద్దెనిమిది, అరవై, యాభై తొమ్మిది, అరవై, అరవై, అరవై.

"మేడం," అంది. "గిన్ని అరవైలు ఎందుకున్నయి?"

బూజు మేడం కళ్లద్దాలు సర్దుకుని తెర మీదికి వంగింది. "దారం సాగే హద్దు అదేనమ్మా. అంతకు మించి సాగలేదు. రాయి విరిగితేనే ఆ అంకె దాటేది."

"అంటే విరగలేదు. విరగబోతాంది."

"కానీ అది గొణుగుడు కాదుగా? నువ్వే రాశావు కదమ్మా, అరవై లోపు అని. అరవై లోపంటే అరవై కాదు."

స్వరూప తల గోడ గడియారం వైపు తిరిగింది. రెండుకు పది నిమిషాలు తక్కువ. తండ్రి పొద్దున అన్న మాట చెవిలో పలికింది. మూడున్నర లోపు వస్త. పెద్దముల్లు ఆరు మీద, కాలు గడప మీద. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ మనిషి లోపు అంటే ఏమిటో ఆమె రోజూ చూస్తూనే ఉంది. ఆయన లోపులో ఆ ఆఖరిది కూడా ఉంటుంది.

ప్రోగ్రాం తెరిచి, "చిన్నది" గుర్తు పక్కన రెండు చిన్న గీతల "సమానం" గుర్తు చేర్చింది. లెక్క ఒక్కసారి రెప్పవేసి మారింది. ముప్పై ఒకటి.

"గిదేంది?" దామోదర్ లేచి నిలబడ్డాడు. "ఇప్పుడే నాలుగుండె గద! నువ్వు ప్రోగ్రాం మారిస్తె రాయి మారుతదా?"

"రాయి మారలే సార్. మా బాపు మాట నేనే తప్పు సదివిన." ఆమె పొద్దుటి అర్రేను కూడా తెరిచి చూసింది. "పొద్దుగాల ఆరింటికే పన్నెండు ముడులు అరవై మీద నిలవడ్డయి సార్. ఆ పదకొండు పదకొండు కాదు. ఇరవై మూడు." ఆ మాట నోట్లోంచి వచ్చాకే దాని అర్థం ఆమెకు తగిలింది. లెక్క సరిగా ఉంటే తండ్రి ఇవాళ బాయి దిగేవాడే కాదు.

దామోదర్ సైరన్ బొత్తాం వైపు చూశాడు, తెర వైపు చూశాడు. వానాకాలం నాటి నవ్వులు ఆయన చెవుల్లో మోగుతూనే ఉన్నట్టున్నాయి.

"నొక్కండి దామోదర్ గారూ," అంది బూజు మేడం. "నా బూజు మొదట్నుంచీ నిజమే చెబుతోందండీ. మనకే లెక్క రాలేదు."

ఆయన నొక్కాడు.

బాయి ముఖం నుంచి లోపలికి ఏటవాలుగా పట్టాలు. వాటి మీద మనుషుల్ని ఎక్కించుకుని తాడుతో పైకీ కిందికీ తిరిగే బండి. ఆ తాడును నడిపేవాడు మొగిలి. కిందివాళ్లు గంట తాడు లాగి ఒకటి కొడితే ఆపాలి, రెండు కొడితే దించాలి, మూడు కొడితే మనుషులు ఎక్కారు, లాగాలి. మూడు గంటలు మోగిన ప్రతిసారీ మొగిలి లాగాడు. మసి ముఖాలు దగ్గుకుంటూ వెలుతురులోకి వచ్చి ల్యాంపులు ఇచ్చేస్తుంటే, గది మీది బోర్డులో పడమటి అంకె ముందే సున్నాకు చేరింది, తూర్పు అంకె దిగుతూ వచ్చింది. నలభై ఒకటి. ఇరవై ఎనిమిది. పద్నాలుగు. సైరన్ విని కాలనీ ఆడవాళ్లంతా గేటు దగ్గర గుమిగూడారు. ఐదు. సున్నా.

ఎవరో ఈల వేశారు. కొందరు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. స్వరూప మెట్టు మీద కూర్చుంది. అందరూ వచ్చేశారు.

"ఇనుప తలుపు దించుండ్రి!" అని దామోదర్ కేకేశాడు. కప్పు కూలినప్పుడు లోపలి గాలి ఫిరంగిలా బయటికి తన్నుతుంది. దాన్ని ఆపే తలుపు అది. ఇద్దరు మనుషులు గొలుసు పట్టుకున్నారు.

భూలక్ష్మి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. చేతికి పిండి అంటుకునే ఉంది. "మీ బాపు ఏడే?"

"అందరొచ్చిండ్రవ్వా. బోర్డు మీద సున్న ఉన్నది సూడు."

"సున్న నాకెందుకే? మనిషేడి?"

స్వరూప జనంలో వెతికింది. ఒక్కో మసి ముఖమే. పొట్టివాళ్లు, పొడుగువాళ్లు, మీసాలవాళ్లు. తల పక్కకు వంచి నిలబడే మనిషి లేడు. బాయిలో టింబర్‌మన్ అందరికంటే ముందు దిగుతాడు, అందరి తర్వాత ఎక్కుతాడు. అందుకే సెక్షన్‌లో చివరి ల్యాంపు ఎప్పుడూ ఆయనదే.

చివరి ల్యాంపు. నలభై ఎనిమిది.

ఒకటి నుంచి నలభై ఎనిమిది లోపు. అవే మూడు వరుసలు. కప్పు లెక్కలో సరిదిద్దింది, ఇక్కడ సరిదిద్దలేదు. పది రోజులుగా ఆ బోర్డు తన తండ్రిని ఒక్క పూటైనా లెక్కపెట్టలేదు. తూర్పు వరుసలో లేడు, పడమటి వరుసలో లేడు. రోజూ వచ్చేవాళ్లు మారుతుంటారు కనుక ఒకటి తగ్గిందని ఎవరూ పట్టుకోలేదు.

"దించకుండ్రి!" ఆమె అరుపుకు గొలుసు పట్టుకున్నవాళ్లు ఉలిక్కిపడ్డారు. "మా బాపు లోపల్నే ఉన్నడు! బోర్డు తప్పు! నలభై ఎనిమిది లోపల్నే ఉన్నడు!"

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరి బండిలో వచ్చినవాడు తల పట్టుకున్నాడు. "నన్ను ఎక్కించి, బండి నిండింది, నేనెనక వస్త పో అన్నడు. మల్ల బండి పంపిండ్రనుకున్న."

దామోదర్ నోరు తెరిచేలోగానే మొగిలి బ్రేకు వదిలాడు. ఖాళీ బండి గడగడమంటూ చీకట్లోకి దిగింది. లోతు తెలియడానికి తాడు మీద వేసిన సున్నపు గుర్తులు ఒకటొకటిగా జారిపోతున్నాయి. భూలక్ష్మి కూతురి మణికట్టును పిండి చేత్తో పట్టుకుంది. ఆ పట్టుకు నొప్పి పుట్టినా స్వరూప విడిపించుకోలేదు. తాను రాసిన మూడు వరుసలను మనసులో వందసార్లు చెరిపేసింది. దేవుడా, ఆ మనిషి గొంతు ఒక్కసారి వినిపించు అని మొక్కుకుంది.

తాడు ఆగింది. బండి అడుక్కి చేరింది.

అప్పుడు నేల అదిరింది. ముందు అరికాళ్లకు తెలిసింది, తర్వాత చప్పుడు వచ్చింది. బాయి ముఖం నుంచి నల్లటి గాలి ఎగదన్ని, నిలబడ్డవాళ్ల టోపీలు లేచిపోయాయి. జనం కింద పడ్డారు. దుమ్ములో ఎవరికీ ఎవరూ కనిపించలేదు.

దుమ్ము నెమ్మదిగా తేలికపడింది. మొగిలి నేల మీది నుంచి లేచి, ముక్కు వెంట కారుతున్న రక్తం తుడుచుకోకుండానే మళ్లీ పిడి పట్టుకుని, తలపైన ఉన్న గంట వైపు చూస్తూ కూర్చున్నాడు.

గంట ఒకటి కొట్టింది.

ఒకటంటే ఆపమని. బండి ఆగే ఉంది.

రెండు. మొగిలి చేయి పిడి మీద కదలలేదు. రెండంటే ఇంకా దించాలి. దించడానికి కింద ఇంకేం లేదు. గంట తాడుకు ఏదో తగిలి మోగిందేమోనని ఎవరో సన్నగా అన్నారు. భూలక్ష్మి కళ్లు మూసుకుంది.

ఎంతసేపైందో ఎవరూ చూడలేదు. మూడోది మోగింది. సరిగా కూడా మోగలేదు, తాడును పట్టుకున్న చేతిలో బలం లేనట్టు ఒక్క టింగుమంది. మొగిలి లాగాడు.

ఓదెలు బండి అడుగున పడుకుని పైకి వచ్చాడు. ఎముకలు బాగానే ఉన్నాయి. రెండు చెవుల నుంచీ మెడ మీదికి రక్తం కారి, బొగ్గు దుమ్ముతో కలిసి గడ్డకట్టింది. భూలక్ష్మి మీద పడి ఏడుస్తూ తిడుతుంటే, ఆయన ఆమె పెదవుల వైపే వింతగా చూశాడు.

గాలి దెబ్బకు కర్ణభేరులు రెండూ పగిలాయని ఆసుపత్రిలో చెప్పారు. ఎడమ చెవికి కొంత రావచ్చు. కుడిది ఇక రాదు. కప్పును వినడానికి ఆయన వంచేది కుడి చెవినే.

మూడో రోజు బూజు మేడం పండ్లు పట్టుకుని వచ్చింది. మంచం పక్కన పావుగంట కూర్చుని, ఆయన చేయి ఒకసారి నొక్కి వెళ్లిపోయింది. స్టోర్లో ఉన్న కర్రలన్నీ టింబర్‌మెన్‌కు తిరిగిచ్చేశారని, బూజు ఉన్న చోట కూడా ఒక మనిషి విని తీరాలని దామోదర్ ఉత్తర్వు రాయించాడని వెళ్తూ స్వరూపకు చెప్పింది.

స్వరూప మూడు రోజులుగా తండ్రి కళ్లలోకి చూడలేదు. క్షమించమని రెండుసార్లు నోటితో చెప్పింది, ఆయనకు వినపడలేదు. వినపడలేదు కదా అని మనసులో ఎక్కడో తేలికపడింది. ఆ తేలికకు తన మీద తనకే అసహ్యం వేసింది. చివరికి నోటుబుక్కు తీసింది. పదిహేను రోజులు చీకట్లో నడిచినప్పుడు అంకెలు రాసుకున్న పుస్తకమే అది. చివరి పేజీలో పెద్ద అక్షరాలతో జరిగినదంతా రాసింది. అరవై సంగతి, నలభై ఎనిమిది సంగతి. కింద ఒక ప్రశ్న రాసింది: లోపు అన్నప్పుడు నీ లెక్కల ఆఖరిది కూడ ఉన్నట్టేనా బాపూ?

ఓదెలు కళ్లజోడు పెట్టుకుని, కూడబలుక్కుంటూ మొత్తం చదివాడు. రెండోసారి చదివాడు. కూతురి వైపు ఆశ్చర్యంగా చూశాడు.

"లోపు అంటె లోపలనే గద బిడ్డా!" తన గొంతు తనకు వినపడక గట్టిగా అరిచాడు. వార్డులో అందరూ తిరిగి చూశారు. "గడప మీద నిలవడ్డోడు ఇంటోడు కాదా?"

స్వరూప పుస్తకం అందుకుంది. కన్నీళ్లకు గీతలు కనిపించడం లేదు. "ఇంటోడే" అని రాసి, ఆయన ముఖానికి ఎదురుగా పట్టుకుంది.